ఖాళీ చేసిన క్వార్టర్లో మల్లెపూలు

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఇల్లు రైల్వేది, ఉద్యోగం అరవై ఏళ్ల వరకే. ఏటా వసంతంలో తిరిగొచ్చే పూలమొక్కల సంగతి వేరు

మార్చి రెండో వారం. తెల్లవారుజాము ఐదున్నరకే బిలాస్‌పూర్ రైల్వే కాలనీ వీధుల్లో చేతికి ప్లాస్టిక్ కవర్లు తగిలించుకున్న పెద్దమనుషులు కనిపిస్తారు. పేరుకు వ్యాహ్యాళి. చూపంతా గోడల మీదుగా వీధిలోకి వాలిన కొమ్మలపైనే. మందారం, నందివర్ధనం, గన్నేరు- ఏది అందితే అది దేవుడి పేరిట కవర్లోకి చేరుతుంది. ఇంటావిడ తలుపు తీసేసరికి గోడ అవతలి సగం ఖాళీ, ఇవతలి సగం పూలతో ఉంటుంది. ఆవిడ కాసేపు శాపనార్థాలు పెట్టి ఊరుకుంటుంది. మర్నాడు వాళ్లాయన కూడా కవరు పట్టుకునే బయల్దేరతాడు. కాలనీలో దీన్ని దొంగతనం అనరు.

మార్చిలో ఈ సందడికి కారణం ముందు నెలల నిశ్శబ్దమే. శ్రీకాకుళం, విజయనగరం తీరంలో చలికాలం వచ్చిందీ పోయిందీ తెలియదు. మందారం ఏడాది పొడవునా ఎంతోకొంత పూస్తూనే ఉంటుంది. సముద్రానికి దూరంగా ఉన్న బిలాస్‌పూర్‌లో అలా కాదు. డిసెంబరు, జనవరిలో రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల దగ్గరకు దిగుతుంది. మల్లె ఆకు పసుపెక్కి రాలుతుంది. దేవగన్నేరు ఒక్క ఆకూ లేకుండా మోడులా నిలబడుతుంది. లిల్లీ దుంపలు మట్టిలోకి మాయమై, అక్కడ మొక్క ఉన్న సంగతే మర్చిపోయేలా చేస్తాయి. అందుకే ఇక్కడ వసంతం అంటే పంచాంగంలో మాట కాదు, కళ్లెదుట జరిగే వ్యవహారం. ఒకే పెరట్లో ఒకే వారంలో మూడు నాలుగు మొక్కలు బతికొస్తాయి.

ఆ పెరట్లలో చాలావాటికి తెలుగు పేర్లున్నాయి. గోడకు ఇటు 'మల్లె' అన్నది అటు 'మోంగ్రా' అవుతుంది. ఇక్కడి 'రాధామనోహరం' పొరుగింట్లో 'మధుమాలతి'. తెల్లవారగానే తలస్నానం చేసి తడిజుట్టు కొనన మూర మల్లెపూలు ముడిచిన ఆవిడ బుధ్‌వారీ బజారులో కూరగాయలు బేరమాడుతుంటే, ఆమె ఏ భాష మాట్లాడుతుందో కూరల దుకాణం ఆయన అడగక్కర్లేదు.

తెలుగువాళ్లు ఇక్కడికి చేరడం వెనక ఒక రైలు కంపెనీ భౌగోళిక చిత్రపటం ఉంది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే 1887లో ఏర్పడింది. నాగ్‌పూర్ నుంచి బిలాస్‌పూర్ మీదుగా ఆసన్సోల్ వెళ్లే దాని మార్గం 1891లో తెరుచుకుంది. 1902లో కటక్ నుంచి విజయనగరం దాకా తూర్పు తీర రైలుమార్గం కూడా అదే కంపెనీ చేతికి వచ్చింది. 1931లో పార్వతీపురం-రాయపూర్ లైను పూర్తయింది. అంటే నాటి గంజాం, విశాఖపట్నం జిల్లాల పల్లెలూ, ఛత్తీస్‌గఢ్ మైదానాలూ ఒకే యజమాని కిందికి వచ్చాయి. వర్షం మీద ఆధారపడ్డ మడిచెక్క కంటే నెలజీతం నయమనుకున్న కుటుంబాలు గ్యాంగ్‌మన్లుగా, ఖలాసీలుగా, ఫైర్‌మన్లుగా, పాయింట్స్‌మన్లుగా ఖరగ్‌పూర్‌కూ, ఇటు బిలాస్‌పూర్‌కూ వచ్చాయి. మొదట మగవాళ్లు, కొన్నేళ్లకు ఆడవాళ్లు, వాళ్ల పెట్టెల్లో తడిగుడ్డ చుట్టిన మల్లె అంట్లు.

బయటివాళ్లలో చాలామంది బిలాస్‌పూర్‌ను రైలు మారే చోటుగానే ఎరుగుదురు. రవీంద్రనాథ్ టాగోర్ కవితలోనూ అది అలాగే కనిపిస్తుంది. 1918లో వచ్చిన 'పలాతక' సంపుటిలోని 'ఫాంకి'లో భార్యాభర్తలిద్దరు రైలు మారడానికి గంటల తరబడి ఆగేది ఈ స్టేషన్లోనే. ఆ కవితను స్టేషన్లో సగర్వంగా ప్రదర్శిస్తున్నారు. అలా ఆగినవాళ్లు సాధారణంగా తర్వాతి బండి ఎక్కి వెళ్లిపోతారు. వెళ్లలేనివాళ్లు క్వార్టరు అలాట్ చేయించుకున్నారు.

కాలనీని ఊరు నుంచి వేరు చేసిన హద్దు ఇప్పటికీ ఒక పేటపేరులో మిగిలింది. తార్‌బాహర్ అంటే తీగ అవతల. తీగ ఇవతలిది రైల్వే నేల. ఇక్కడ ప్రతి ఇంటికీ నంబరుంటుంది, టైపు ఉంటుంది, ఏ హోదా వాళ్లకు ఏ టైపు అన్న నియమం ఉంటుంది. బ్రిటిష్ కాలపు బంగళాలకు మామిడిచెట్లూ, గుండ్రటి పూలమడులూ, నీళ్లు పెట్టడానికి మనుషులూ ఉండేవారు. చిన్న ఉద్యోగుల క్వార్టర్లకు వాకిట్లో నాలుగు గజాలు, వెనక పది గజాలు. తోటమాలి లేడు, ఏటా విత్తనాలు కొనే డబ్బు లేదు. బంగళాల్లో జనవరిలో డాలియాలు, పిటూనియాలు విరగబూసి ఏప్రిల్ ఎండకు మాడిపోతే, చిన్న క్వార్టర్లలో ఒకసారి పాతితే ఏళ్ల తరబడి తిరిగొచ్చే మొక్కలే నిలిచాయి. బహువార్షికాలన్న మాట వాళ్లెవరూ వాడరు. 'ఉండిపోయే మొక్క' అంటారు.

ఆ మొక్కల్లో మల్లెకున్న గౌరవం దేనికీ లేదు, దానికి చేసే సేవ కూడా ఎక్కువే. మల్లె పాత కొమ్మకు పూయదు, కొత్త చిగురు చివర పూస్తుంది. అందుకని చలికాలంలో పొదను మోకాలెత్తుకు కత్తిరిస్తారు. అంతకుముందు కొన్ని రోజులు నీళ్లు ఆపి ఆకు రాలనిస్తారు. తర్వాత మొదట్లో మట్టి గుల్లచేసి, పశువుల ఎరువు వేసి, నీళ్లు పెడతారు. కొత్తగా కాపురానికొచ్చిన కోడలు ఈ కత్తిరింపు చూసి అత్తగారికి మతిపోయిందనుకుంటుంది. ఫిబ్రవరిలో కణుపు కణుపునా చిగురు, మార్చి చివరికి మొదటి మొగ్గలు, ఏప్రిల్‌లో రోజుకో శేరు. ఊరంతా ఉక్కపోతతో అల్లాడే మే నెలలో పొద్దుగూకే వేళ ఆ వీధిలోంచి నడిస్తే బొగ్గు వ్యాగన్ల దుమ్ము వాసనను మల్లెవాసన కాసేపు కప్పేస్తుంది. బిలాస్‌పూర్ డివిజన్ దేశంలో అత్యధికంగా సరుకు ఎక్కించే డివిజన్లలో ఒకటి. ఆ ఘనత ఇళ్ల కిటికీ చువ్వలపై నల్లగా పేరుకుంటుంది.

లిల్లీ తీరు వేరు. నర్సరీవాళ్లు అమరిల్లిస్ అనే, శాస్త్రజ్ఞులు హిప్పియాస్ట్రమ్ అనే ఎర్రపూల దుంప ఇది. శీతాకాలమంతా పొడిమట్టిలో నిద్రపోయి, ఎండ ముదిరే వేళకు ఆకు కంటే ముందు లావుపాటి బోలు కాడను పైకి పంపుతుంది. కాడ కొనన గరాటాల్లాంటి ఎర్రటి పూలు రెండో మూడో నాలుగో. వారం పది రోజుల్లో అయిపోతాయి. మిగిలిన ఏడాదంతా ఆకులే. ఆ ఆకులే తర్వాతి ఏటి పూవుకు కావలసిన తిండిని దుంపలో దాస్తాయి. పూలయ్యాక ఆకులు కోసి శుభ్రం చేసే చాదస్తులకు మరుసటేడు పూలుండవు. దీనికి దాయాది లాంటి ఫుట్‌బాల్ లిల్లీ మే నెలలో బంతంత ఎర్రటి పూగుత్తి పెడుతుంది. పిల్లలు దాన్ని చూడటానికి పక్క వీధి నుంచి కూడా వస్తారు. దుంపలు నేలలోనే పిలకలు వేస్తాయి. నాలుగేళ్లకోసారి తవ్వి పంచకపోతే ఇరుకై పూత తగ్గుతుంది. కాబట్టి లిల్లీ ఉన్నావిడ ఉదారంగా ఉండక తప్పదు.

పంపకాలకు కాలనీలో ఒక పద్ధతుంది. "అప్పా, ఓ కొమ్మిస్తావేటి?" అని అడిగితే ఎవరూ లేదనరు. మల్లె అయితే వానాకాలం దాకా ఆగమంటారు. కింది కొమ్మను వంచి, కణుపు దగ్గర కాస్త గాటు పెట్టి, మట్టిలో తొక్కి రాయి పెడితే రెండు మూడు నెలలకు వేరు పడుతుంది. అప్పుడు తల్లి నుంచి కోసి ఇస్తారు. దేవగన్నేరుకు అంత తతంగం లేదు. మోచేతి పొడుగు కొమ్మ నరికి, కారే పాలు ఆరేలా నాలుగు రోజులు నీడన పడేసి, పాతితే చాలు. దీనివల్ల ఒక విచిత్రం జరిగింది. ఒకే మల్లెతీగ నుంచి ఒక వీధి వీధంతా పొదలయ్యాయి. ఎవరి అంటు ఎవరిదో చెప్పగల ముసలమ్మలు ఇప్పుడు తక్కువే. ఆ వరసలు మనుషుల చుట్టరికాల కంటే నమ్మకంగా గుర్తుండేవి.

ఇదంతా ఏ హక్కూ లేని నేల మీద జరుగుతుండటమే అసలు చిక్కు. రైల్వే ఉద్యోగి అరవై ఏళ్లు నిండిన నెల చివరి రోజున పదవీ విరమణ చేస్తాడు. ఆ తర్వాత నాలుగు నెలలు మామూలు అద్దెతో క్వార్టర్లో ఉండొచ్చు. పిల్లల చదువో, అనారోగ్యమో కారణంగా చూపితే ఎక్కువ అద్దెతో మరో నాలుగు నెలలు. ఆపైన ఉంటే డ్యామేజ్ రెంట్. ఈ లెక్క రాసిన అధికారులకు మల్లెతో పనిలేదు కానీ, మల్లెకు ఆ లెక్కతో పని ఉంది. జనవరి 31న దిగిపోయినవాళ్లకు మే 31 దాకా గడువుంటుంది. అంటే ఆఖరి పూత మొత్తం చూసి వెళతారు. ఆగస్టు 31న దిగిపోయినవాళ్లకు గడువు డిసెంబరు 31తో తీరుతుంది. సరిగ్గా మల్లె కత్తిరించే రోజులు. ఎవరికోసం కత్తిరించాలి అన్న ప్రశ్న ఆ ఇంట్లో ఎవరూ పైకి అనరు. కత్తిరించకపోతే వచ్చే ఏడు పూత తగ్గుతుంది. కత్తిరిస్తే ఆ పూత ఎవరో తెలియని వాళ్లది. ఎక్కువమంది కత్తిరించే వెళతారు.

క్వార్టరు అప్పగించేటప్పుడు ఫ్యాన్లు, కుళాయిలు, స్విచ్ బోర్డులు లెక్క చూస్తారు. పగిలిన అద్దానికి విలువ కడతారు. ముప్పై ఏళ్ల దేవగన్నేరు ఏ పట్టికలోనూ ఉండదు.

కొన్నాళ్లపాటు ఈ చిక్కుకు ఒక దారి దొరికింది. తండ్రి రిటైరయ్యేనాటికి అదే స్టేషన్లో రైల్వే ఉద్యోగంలో ఉండి, అదే ఇంట్లో కలిసి ఉంటున్న కొడుకు లేదా కూతురి పేరిట, అర్హతను బట్టి క్వార్టరును క్రమబద్ధం చేసే వీలు నిబంధనల్లో ఉంది. 2004లో గ్యాంగ్‌మన్లు, డ్రైవర్ల కోసం ఒక పథకం వచ్చింది. నిర్ణీత వయసు, సర్వీసు ఉన్నవాళ్లు ముందుగానే స్వచ్ఛందంగా తప్పుకుంటే అర్హతగల బిడ్డకు ఉద్యోగం ఇచ్చేది. 2010లో దాన్ని మరికొన్ని భద్రతా విభాగాలకు విస్తరించారు. రైల్వే నౌకర్లు పొడి అక్షరాలతో లార్స్‌జెస్ అని పిలుచుకున్న పథకం ఇదే. ఉద్యోగం దక్కిన కొడుకుతో పాటు కొన్ని ఇళ్లలో పెరడు కూడా దక్కింది. అయితే, పుట్టుకను బట్టి ప్రభుత్వోద్యోగం ఇవ్వడం రాజ్యాంగంలోని 14, 16 అధికరణలకు నిలబడదని పంజాబ్, హర్యానా హైకోర్టు 2016లో తప్పుపట్టింది. 2018లో రైల్వే బోర్డు ఆ పథకాన్ని రద్దు చేసింది. న్యాయంగా చూస్తే కోర్టు మాట కాదనలేనిది. నోటిఫికేషన్ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసే లక్షలాది నిరుద్యోగుల ముందు గ్యాంగ్‌మన్ కొడుక్కి ప్రత్యేక ద్వారం ఎందుకన్న ప్రశ్నకు జవాబు లేదు. కానీ తరాల తరబడి ఒకే కాలనీలో బతికిన కుటుంబాలకు అది ఊరు ఖాళీ చేయమన్న నోటీసుగానే వినిపించింది. నేటి రైల్వే పరీక్ష దేశమంతటిదీ. క్వార్టరులోకి వచ్చే కొత్త కుర్రాడు బీహార్ నుంచో, రాజస్థాన్ నుంచో వస్తాడు. అతడికి మల్లె కత్తిరింపు గురించి ఎవరు చెప్పాలి?

స్థానికుడెవరన్న వాదన ఈ ఊరికి కొత్త కాదు. ఒకప్పుడు బిలాస్‌పూర్ డివిజన్ పెత్తనమంతా కోల్‌కతాలోని గార్డెన్ రీచ్‌ది. తమకే ప్రత్యేక జోన్ కావాలంటూ 1996 జనవరిలో ఊరు రోడ్డెక్కింది, ఆందోళన హింసాత్మకమైంది. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం వచ్చింది, హైకోర్టు బిలాస్‌పూర్‌కు దక్కింది. 2003 ఏప్రిల్ 5న ఆగ్నేయ మధ్య రైల్వే ఇక్కడే ప్రధాన కార్యాలయంతో జాతికి అంకితమైంది. ఆ పోరాటాల ఫలితంలో తమ వాటా ఎంతన్నది ఇక్కడి తెలుగువాళ్లు ఎప్పుడూ గట్టిగా అడగలేదు. హిందీలో చదువుకుని, ఛత్తీస్‌గఢీలో బేరమాడి, ఇంట్లో ఉత్తరాంధ్ర యాసలో కసురుకునే ఈ జనం ఏ జాబితాలోనైనా మొదట రాసేది కాలనీ పేరే.

స్థానికత తోటలో తేల్చబోతే ఇంకా తలనొప్పి. గుడిమెట్ల పక్కన పెరిగే దేవగన్నేరు నిజానికి మధ్య అమెరికా, కరీబియన్ ప్రాంతాలది. ఎర్ర లిల్లీది దక్షిణ అమెరికా. ఫుట్‌బాల్ లిల్లీ ఆఫ్రికా నుంచి వచ్చింది. గోడ నిండా పాకే కాగితం పూలను ఫ్రెంచి నావికుడు బోగన్‌విల్ యాత్రలో పాల్గొన్న వృక్షశాస్త్రజ్ఞుడు కామర్సన్ 1767లో రియో డి జనీరో దగ్గర చూశాడు. ఈ నేలకు పాతకాపు ఎవరంటే కాలనీ దాటి కట్నీ వైపు లైను పట్టుకుని వెళ్లాలి. ఖోంగ్‌సరా, భన్వర్‌టోంక్ కొండల్లో ఫిబ్రవరి, మార్చిలో ఆకు రాల్చి నిప్పులా పూసే మోదుగ కనిపిస్తుంది. హోలీ రంగు కోసం ఇక్కడివాళ్లు ఆ పూలనే మరిగించేవారు. మోదుగను మాత్రం ఎవరూ పెరట్లో పెంచరు.

పెరటిని ఛత్తీస్‌గఢీలో బారీ అంటారు. 2018 డిసెంబరులో అధికారంలోకి వచ్చిన భూపేశ్ బఘేల్ ప్రభుత్వం వాగులు, పశువులు, ఎరువుగుంటలతో పాటు ఈ బారీని కూడా నినాదంగా మార్చి 'నర్వా, గరువా, ఘురువా, బారీ' పథకం నడిపింది. అది పల్లెల కోసం. 2023లో ఆ ప్రభుత్వం ఓడిపోయింది. రైల్వే కాలనీ బారీని ఏ ప్రభుత్వమూ నినాదం చేయలేదు, అది ఒకందుకు మంచిదే అయింది.

చైత్రం వచ్చేసరికి పూలకు పని పెరుగుతుంది. ఉగాది నాడే చైత్ర నవరాత్రులూ మొదలవుతాయి. ఛత్తీస్‌గఢీ ఇళ్లలో జవారా మొలకలు పోస్తారు, జనం రతన్‌పూర్ మహామాయ గుడికి బారులు తీరతారు. తెలుగిళ్లలో ఆ ఉదయం వేపపువ్వు కోసం వేట. పొరుగువాళ్లకు చేదుపువ్వు తినే ఈ ఆచారం ఏళ్లు గడిచినా వింతే. తర్వాత ఎండలు ముదిరే రోజుల్లో బారాఖోలీ ప్రాంతంలో తెలుగువాళ్లు చేసే సోలాపురి మాత పూజకు పసుపునీళ్లు, వేపమండలతో పాటు పెరటి పూలన్నీ తరలుతాయి. ఆ పూజకు ఇప్పుడు తెలుగు రాని వాళ్లు కూడా వస్తారు. తెలుగు చదవడం రాని తెలుగు పిల్లలు ఇంకా ఎక్కువమంది వస్తారు.

పెరడుకు అసలు ముప్పు ఖాళీ చేయించడం కాదు, పైకి కట్టడం. ఒకే అంతస్తు పాత క్వార్టర్లు రైల్వేకు భారంగా కనిపిస్తున్నాయి. పైకప్పు కారుతుంది, మరమ్మతు ఖర్చు ఎక్కువ, నేల విలువ పెరిగింది. దేశవ్యాప్తంగా పాత కాలనీల స్థానంలో అంతస్తుల భవనాలు కట్టి మిగిలిన నేలను ఆదాయానికి వాడుకునే పనిని రైల్ ల్యాండ్ డెవలప్‌మెంట్ అథారిటీ చేపట్టింది. మూడో అంతస్తు ఫ్లాటులో వాన కారదు, కుళాయిలో నీళ్లు సరిగా వస్తాయి, బాత్రూములో టైల్స్ ఉంటాయి. ఏళ్ల తరబడి రేకుబకెట్లు పెట్టి వాననీళ్లు పట్టిన ఇల్లాలు దీన్ని కాదనాలని ఎవరూ ఆశించకూడదు. అయితే మల్లె బాల్కనీ కుండీలో బతుకుతుంది కానీ నేలలో పూసినట్టు పూయదు. దేవగన్నేరు అసలు ఎక్కదు. నేలంటు తొక్కడానికి నేల ఉండదు. వేసవిలో అర్పా నది ఇసుకదిబ్బలుగా మారే ఊళ్లో కుండీకి రెండుపూటలా నీళ్లంటే అదీ తేలిక కాదు.

అందుకే రిటైరయ్యే ఇళ్లలో కొందరు ఏడాది ముందే వానాకాలంలో మల్లెకొమ్మలు తొక్కి ఉంచుకుంటారు. ఊరి చివర సొంత స్థలం కొనుక్కున్నవాళ్లకు బెంగలేదు. సామాను లారీలో దుంపలు, అంట్లు కూడా వెళతాయి. స్వస్థలం వెళ్లేవాళ్లు కోర్బా-విశాఖపట్నం ఎక్స్‌ప్రెస్ పడతారు. సాయంత్రం ఎక్కితే మర్నాడు పొద్దుటికి విజయనగరం. స్లీపర్ బెర్తు కింద ట్రంకుపెట్టె పక్కన పాత హిందీ పేపరు చుట్టిన దేవగన్నేరు కొమ్మ ఉంటుంది. ఎక్కడో పాలకొండ వైపు ఊళ్లో, అన్నదమ్ములు పంచుకోగా మిగిలిన వాటాలో దాన్ని పాతుతారు. అక్కడివాళ్లు ఆ చెట్టును బిలాస్‌పూర్ చెట్టు అంటారు. తాతలు ఇక్కడి నుంచే ఏదో మొక్క అటు పట్టుకెళ్లారన్న సంగతి ఎవరికీ గుర్తుండదు.

ఇక్కడ తాళం వేసిన క్వార్టరు ముందు కొత్త అలాట్‌మెంట్ కాగితం వచ్చేదాకా ఎవరూ ఉండరు. ఏప్రిల్‌లో ఒక రోజు వాకిట్లో గడ్డి మధ్య నుంచి లిల్లీ కాడ లేస్తుంది. పక్కింటావిడ పొద్దున పంపు వచ్చినప్పుడు గోడ మీదుగా పైపు అటు తిప్పి మల్లెకు నాలుగు నీళ్లు పడతాయో లేదో చూస్తుంది. మొగ్గలు కోసుకుంటుంది కూడా. జూన్‌లో కొత్తవాళ్లు దిగుతారు. గడ్డి చెక్కించడానికి పారతో మనిషిని పిలిస్తే, ఆవిడ గోడ దగ్గరికొచ్చి, వచ్చీరాని హిందీలో, ఆ మూల తవ్వొద్దనీ, అక్కడ దుంపలున్నాయనీ చెబుతుంది.